3.04 జీపీఏతో వెట్ స్కూల్ సీటు: గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఏం చేసింది, ఏం చేయలేకపోయింది

విద్యార్థిని వయసు 23. పెరిగింది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. తల్లిదండ్రులు గుంటూరు జిల్లా నుంచి వెళ్లినవాళ్లు, ఆమె అమెరికా పౌరురాలు. బయాలజీ డిగ్రీ 124 క్రెడిట్లతో పూర్తయింది, జీపీఏ నాలుగుకి 3.04. సైన్సు కోర్సులు విడిగా తీస్తే 62 క్రెడిట్ల మీద 2.87, చివరి 45 క్రెడిట్ల మీద 3.27. మొదట్లో మనుషుల మెడిసిన్ అనుకుని చదివి, మూడో ఏడు సగంలో వెటర్నరీ వైపు మళ్లింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి భాగంలో సి, రెండో భాగంలో సి మైనస్, ఫిజిక్స్‌లో సి ప్లస్ వచ్చాయి. బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, యానిమల్ న్యూట్రిషన్ తీసుకోనే లేదు. వెటర్నరీ అనుభవం 120 గంటలు, అదంతా కుక్కలు, పిల్లులు మాత్రమే వచ్చే ఒకే క్లినిక్‌లో. డిగ్రీ చివరి ఏడాదిలోనే ఐదు వెట్ స్కూళ్లకు, అంటే పశువైద్య కళాశాలలకు, దరఖాస్తు పెట్టింది. ఒక్కటి కూడా ఇంటర్వ్యూకి పిలవలేదు.

ఇంట్లోవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పిన మాట ఒకటే: "ఏదో ఒక మాస్టర్స్ చేసెయ్యమ్మా, ప్రొఫైల్ బలపడుతుంది." ఆ "ఏదో ఒకటి" దగ్గరే చాలామందికి ఏడాది కాలం, ఇరవై ముప్ఫై వేల డాలర్లు చేజారిపోతాయి. కాబట్టి ఈ కేసులో ప్రోగ్రాం వెతకడానికి ముందు ఐదు తిరస్కరణల్నీ విప్పి చూశాం. సీటు రాని అభ్యర్థులు అడిగితే కొన్ని వెట్ స్కూళ్లు ఫైలు తిరిగి చూసి లోపాలేమిటో చెబుతాయి. ఈ సదుపాయం ఉందని తెలియక చాలామంది అడగరు. ఈమె అడిగితే రెండు కాలేజీలు జవాబిచ్చాయి. ఒకచోట బయోకెమిస్ట్రీ లేనందువల్ల, ఆర్గానిక్ రెండో భాగంలో సి మైనస్ ఉన్నందువల్ల ఫైలు మొదటి వడపోతలోనే ఆగిపోయింది. జీపీఏ దాకా ఎవరూ వెళ్లలేదు. రెండోచోట సైన్సు జీపీఏ తక్కువ, పెద్ద పశువులతో అనుభవం సున్నా అన్నారు.

అంటే జబ్బులు మూడు. ప్రీరిక్విజిట్లలో (చేరేముందే చదివి ఉండాల్సిన కోర్సుల్లో) ఖాళీలు, సైన్సు చదవగలదన్న తాజా రుజువు లేకపోవడం, అనుభవం ఇరుకుగా ఉండటం. చివరికి ఎంచుకున్న దారి, గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అనే ఏడాది చదువు, మొదటి రెండింటికే మందు. మూడోదానికి అది పనికిరాదు, పైగా తరగతులు గంటల్ని తినేస్తాయి కనుక దాన్ని ముదరబెట్టే ప్రమాదం కూడా ఉంది.

ఈ సర్టిఫికెట్ అంటే ఏమిటి

అమెరికాలో వెట్ స్కూల్ అంటే సాధారణంగా డిగ్రీ తర్వాత నాలుగేళ్ల డీవీఎం, అంటే పశువైద్య డిగ్రీ. దానికి ముందు చదువు మెరుగుపరుచుకోవాలంటే దారులు మూడు. డిగ్రీ స్థాయి కోర్సులే విడివిడిగా చదవడం ఒకటి, థీసిస్ లేని ఏడాది రెండేళ్ల మాస్టర్స్ ఇంకొకటి. ఈ రెంటికీ నడుమ ఉండేదే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్: రెండు సెమిస్టర్లు, సాధారణంగా 15 నుంచి 24 క్రెడిట్లు, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఇమ్యునాలజీ, మైక్రోబయాలజీ వంటి కోర్సులు. రిచ్‌మండ్‌లో వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ నడిపే ఏడాది సర్టిఫికెట్ ఈ కోవలో చాలాకాలంగా తెలిసిన పేరు. చేరేవాళ్లలో ఎక్కువమంది మెడిసిన్, డెంటల్ కోసం వచ్చేవాళ్లు, వెటర్నరీవాళ్లు కొద్దిమందే. అందువల్ల అక్కడి సలహాదారులకు వెట్ స్కూళ్ల నిబంధనలు లోతుగా తెలిసి ఉంటాయని అనుకోకూడదు.

ఈ చదువు పూర్తిచేసినంత మాత్రాన ఏ లైసెన్సూ రాదు. వెటర్నరీ పట్టా డీవీఎంతోనే, ప్రాక్టీసు హక్కు నావ్లే అనే లైసెన్సు పరీక్ష, రాష్ట్ర లైసెన్సుతోనే.

లెక్క చూశాకే నిర్ణయం

అమెరికా వెట్ స్కూళ్లలో చాలావాటికి దరఖాస్తు వెళ్లేది వీఎంకాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా. జీపీఏని అది తన పద్ధతిలో మళ్లీ లెక్కగడుతుంది. కోర్సు తిరిగి చదివితే మన యూనివర్సిటీ పాత గ్రేడుని తీసేసి కొత్తది పెట్టొచ్చు, వీఎంకాస్ ఆ పని చేయదు. రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. ఆర్గానిక్ రెండో భాగంలో పాత సి మైనస్ 1.7, మళ్లీ చదివితే వచ్చిన ఏ మైనస్ 3.7, ఆ రెండు వరుసల సగటు 2.7 అవుతుంది.

ఈమె పాత పాయింట్లు 124ని 3.04తో గుణిస్తే దాదాపు 377. జీపీఏ 3.5 కావాలంటే ఎన్ని క్రెడిట్లు నూటికి నూరు "ఏ" గ్రేడుతో చదవాలని వేసి చూస్తే 114 వచ్చింది, అంటే దాదాపు ఇంకో డిగ్రీ. సర్టిఫికెట్, విడి కోర్సులు కలిపి ఏడాదిలో చదివే 26 క్రెడిట్లలోనూ "ఏ" తెచ్చుకున్నా మొత్తం జీపీఏ 3.21 దగ్గర ఆగుతుంది. ఈ అంకె చూపించినప్పుడు తండ్రి కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం అవసరమే, ఎందుకంటే సర్టిఫికెట్ చేస్తే జీపీఏ "పెరిగిపోతుంది" అన్న నమ్మకంతో చేరేవాళ్లకి ఏడాది చివర్లో ఎదురయ్యే నిరాశ దీనికంటే పెద్దది.

కదిలే అంకె వేరే ఉంది. చాలా వెట్ స్కూళ్లు చివరి 45 సెమిస్టర్ క్రెడిట్లని, క్వార్టర్ పద్ధతిలో అయితే 68ని, విడిగా చూస్తాయి. కొత్త 26 క్రెడిట్లు అందులో సగానికి పైగా ఆక్రమిస్తాయి. మిగతా 19 ఆమె డిగ్రీ ఆఖరి ఏడాదివి, 3.4 సగటుతో ఉన్నాయి. కొత్తవి 3.8 సగటుతో వస్తే చివరి 45 అంకె 3.27 నుంచి 3.6 దాటుతుంది. ఆ ఒక్క అంకె కోసమే ఈ ఏడాది ఖర్చు పెట్టొచ్చని తేల్చాం. ఇందులో ఒక మెలిక ఉంది. గ్రాడ్యుయేట్ క్రెడిట్లని చివరి 45లో కలిపే కాలేజీలు ఉన్నాయి, డిగ్రీ స్థాయివే చూసేవీ ఉన్నాయి. గ్రాడ్యుయేట్ జీపీఏని పక్కన విడి అంకెగా చూసేవి ఇంకొన్ని. ఈ తేడా తెలుసుకోకుండా కాలేజీల జాబితా వేయడం చీకట్లో రాయి వేయడమే.

కాలేజీల నుంచి వెనక్కి

అందుకే ముందు ఏడు వెట్ స్కూళ్లు ఎంచుకుని, వాటి నిబంధనలతో పట్టిక వేశాకే ప్రోగ్రాంల వైపు చూశాం. పట్టికలో ఒక్కో వరుసకి ఇన్ని గడులు: కాలేజీ, కోర్సు పేరు వాళ్లు రాసింది రాసినట్టే, ఎన్ని క్రెడిట్లు, ల్యాబ్ ఉండాలా, కనీస గ్రేడు, ఎన్నేళ్లలోపు చదివి ఉండాలి, ఏ తేదీలోగా పూర్తి కావాలి, మన కోర్సు కోడ్, మెయిల్ పెట్టిన తేదీ, వచ్చిన జవాబు. ఆ చివరి రెండు గడులే ఈ కేసుని నిలబెట్టాయి. "ఫిజియాలజీ 3 క్రెడిట్లు" అని వెబ్‌సైట్‌లో ఉంటుంది. మెడికల్ స్కూల్ విభాగంలో చదివిన గ్రాడ్యుయేట్ ఫిజియాలజీ దానికి సరిపోతుందా, మనుషుల ఫిజియాలజీ చెల్లుతుందా, ల్యాబ్ లేకపోయినా ఒప్పుకుంటారా అన్నది అడిగితేనే తెలుస్తుంది. మెయిల్‌కి సిలబస్ పీడీఎఫ్ జోడించి "ఈ కోర్సు మీ ఫలానా ప్రీరిక్విజిట్‌కి సరిపోతుందా" అని ఒకే ప్రశ్న అడిగితే సూటి జవాబు వస్తుంది. ఐదు ప్రశ్నలు ఒకే మెయిల్‌లో గుప్పిస్తే "మా వెబ్‌సైట్ చూడండి" అనే జవాబే ఎక్కువ.

కోర్సుల గడువు కూడా ఈ పట్టికలోనే బయటపడుతుంది. సైన్సు కోర్సులు ఆరేళ్లు దాటితే కొన్ని కాలేజీలు ఒప్పుకోవు, కొన్ని పదేళ్ల దాకా చూస్తాయి. 23 ఏళ్ల అభ్యర్థికి ఇది సమస్య కాదు. ఇండియాలో బీఎస్సీ, బీఫార్మసీ చేసి పదేళ్లు ఉద్యోగం చేశాక ఇటు వచ్చేవాళ్లకి ఇదే మొదటి గోడ.

పట్టిక చేతిలో పెట్టుకుని మూడు ప్రోగ్రాంలు చూశాం. ఆమెకి బాగా నచ్చిన మొదటిది పక్కన పెట్టాల్సి వచ్చింది. చదువు బాగుంది, అధ్యాపకులు బాగున్నారు, కానీ కోర్సులన్నీ బ్లాకులుగా కలిపి "పాస్, ఆనర్స్" అని మాత్రమే ఇస్తారు. అక్షర గ్రేడు లేకపోతే వీఎంకాస్ జీపీఏలో అది సున్నా ప్రభావం, ఏడు కాలేజీల్లో ఐదు దాన్ని ప్రీరిక్విజిట్‌గానూ తీసుకోవు. రెండోది పూర్తిగా ఆన్‌లైన్, ల్యాబ్ లేదు. మూడోదానిలో అక్షర గ్రేడ్లు, 19 క్రెడిట్లు, మే నెలాఖరుకి ట్రాన్‌స్క్రిప్ట్ సిద్ధం. పేరు మూడింటిలోకీ చిన్నది. వెట్ స్కూల్ కమిటీలు చూసేది కోర్సు, గ్రేడు, సెమిస్టర్‌లో కోర్సుల భారం కాబట్టి పేరు గురించి దిగులు పడలేదు.

ఏడాది ఎలా నడిచింది

సర్టిఫికెట్ మొదలవకముందు వేసవిలో నాలుగేళ్ల ప్రభుత్వ కాలేజీలో ఆర్గానిక్ రెండో భాగం ల్యాబ్‌తో మళ్లీ చదివింది: 4 క్రెడిట్లు, ఏ మైనస్. మొదటి భాగంలో ఉన్న సి ఏడు కాలేజీలకీ చెల్లుతుంది కాబట్టి దాని జోలికి పోలేదు. చెల్లే గ్రేడుని సిగ్గుపడి మళ్లీ చదవడం డబ్బు దండగ. పై స్థాయి కోర్సులో ఏ తెచ్చుకోవడమే దానికి జవాబు.

శరత్కాలం సెమిస్టర్‌లో 9 క్రెడిట్లు: బయోకెమిస్ట్రీ 4, ఫిజియాలజీ 4, సెమినార్ 1. వసంతంలో 10: ఇమ్యునాలజీతో కలిసిన మైక్రోబయాలజీ 4, ఫిజియాలజీ రెండో భాగం 3, బయోస్టాటిస్టిక్స్ 3. వీటికి తోడు వసంతంలోనే యానిమల్ న్యూట్రిషన్ 3 క్రెడిట్లు, వేరే యూనివర్సిటీ నుంచి ఆన్‌లైన్‌లో, ఎందుకంటే పట్టికలో రెండు కాలేజీలు అది తప్పనిసరి అన్నాయి, సర్టిఫికెట్‌లో అది లేదు. మెడిసిన్ కోసం రూపొందిన ఏ ప్రోగ్రాంలోనైనా ఈ ఖాళీ ఉంటుంది.

దెబ్బ తగిలింది బయోకెమిస్ట్రీలో. నాలుగు పరీక్షల్లో మొదటిది 68. ఆమె రోజూ చదువుతూనే ఉంది, స్లైడ్లు మూడేసి సార్లు తిరగేసింది. పరీక్ష పేపరు దగ్గర పెట్టుకుని చూస్తే పోయిన మార్కులన్నీ ఒకే తరహా ప్రశ్నల్లో ఉన్నాయి: "పన్నెండు గంటలు ఉపవాసం ఉంటే కాలేయంలో ఈ ఎంజైము పెరుగుతుందా తగ్గుతుందా, ఎందుకు?" పేర్లు వచ్చు, దారి వచ్చు, దారిలో ఎవరు తలుపు వేస్తారో తెలియదు. స్లైడు చూస్తూ చదివితే అన్నీ తెలిసినట్టే ఉంటుంది, కాగితం ఖాళీగా ఉన్నప్పుడే తెలియనివి పైకి తేలతాయి.

పద్ధతి మార్చాం. ప్రతి మెటబాలిక్ మార్గానికీ ఒక పెద్ద తెల్లకాగితం. చూడకుండా గీయాలి: ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, కణంలో ఏ భాగంలో, ఏ ఎంజైము దగ్గర అదుపు, ఆ అదుపు ఏ హార్మోను చేతిలో. గీశాక ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. మూడో రోజు మళ్లీ గీయాలి. చివర ఒక గడి అదనం: ఏ జంతువులో ఇది వేరుగా ఉంటుంది?

ఆ చివరి గడి పరీక్షలో అడిగేది కాదు, కానీ పాఠం మెదడులో నిలిచింది దానివల్లే. ఉదాహరణకి గ్లూకోనియోజెనెసిస్, అంటే శరీరం తానే గ్లూకోజు తయారుచేసుకునే మార్గం. మనిషి తిన్న పిండి పదార్థం గ్లూకోజుగా పేగులోంచి రక్తంలోకి వెళుతుంది. ఆవు తిన్న మేతని మాత్రం రూమెన్ అనే మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు ముందే పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్‌గా మార్చేస్తాయి. వాటిలో గ్లూకోజుగా మారి నికరంగా పనికొచ్చేది ప్రొపియోనేట్. అది సక్సినైల్ కోఎ అనే అణువుగా మారి ఈ మార్గంలోకి వస్తుంది, ఆ మెట్టుకి విటమిన్ బి12 కావాలి, దానికి మేతలో కోబాల్టు కావాలి. ఈనిన ఆవు మేత తక్కువ తింటూ పాలు ఎక్కువ ఇస్తుంటే గ్లూకోజు చాలదు, కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది, కీటోన్లు పేరుకుంటాయి. ఈనిన కొన్ని వారాల్లోనే మేత వదిలేసి, పాలు తగ్గి, ఊపిరిలో అసిటోన్ వాసన వచ్చే కీటోసిస్ అదే. పిల్లి దగ్గర అమోనియాని యూరియాగా మార్చే యూరియా సైకిల్ గీస్తే ఇంకొకటి: ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం లేని ఒక్క పూట తిండితోనే దాని రక్తంలో అమోనియా పెరిగిపోగలదు.

తర్వాతి మూడు పరీక్షలు 81, 88, 90. కోర్సు గ్రేడు బి ప్లస్. ఫిజియాలజీ రెండో భాగం ఏ మైనస్, తక్కినవన్నీ "ఏ"లు.

ఏడాది ముగిశాక లెక్క: కొత్త క్రెడిట్లు 26, పాయింట్లు 99.1, సగటు 3.81. మొత్తం జీపీఏ 3.04 నుంచి 3.17. సైన్సు 2.87 నుంచి 3.11, బయోస్టాటిస్టిక్స్, సెమినార్ కలపకుండా. చివరి 45 క్రెడిట్లు 3.27 నుంచి 3.64. ముందు వేసిన అంచనాకి కొంచెం పైనే.

అనుభవం గంటలు

వీఎంకాస్‌లో రెండు గడులు వేరువేరు. పశువైద్యుడి పర్యవేక్షణలో చేసింది వెటర్నరీ అనుభవం. పశువైద్యుడు లేకుండా జంతువులతో చేసింది జంతు అనుభవం. షెల్టర్‌లో కుక్కల్ని తిప్పడం, గోశాలలో సేవ, తాతగారింట్లో గేదెల పని రెండో గడిలోవే. వాటిని మొదటి గడిలో వేస్తే గంటలు పెరగవు, నమ్మకం పోతుంది.

దరఖాస్తు నాటికి ఆమె వెటర్నరీ గంటలు 906. పాతవి 120. క్లినిక్‌లో సహాయకురాలిగా 560, అందులో సెమిస్టర్లలో వారానికి నాలుగు గంటలే, 28 వారాలు, మిగతా 448 సర్టిఫికెట్ అయిపోయిన వేసవిలో 14 వారాల పని. వాహనంలో ఫారాలకి తిరిగే పెద్ద పశువుల డాక్టరు వెంట పన్నెండు శనివారాలు, 96. షెల్టర్‌లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజులు పది, 70. శీతాకాలం సెలవుల్లో గుంటూరు జిల్లాలోని ఒక పశువైద్యశాలలో 60.

ఆ 60 గంటల గురించి విడిగా చెప్పాలి, తెలుగు కుటుంబాలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఇండియా గంటలు చెల్లుతాయి, కానీ రిజిస్టరయిన పశువైద్యుడి పర్యవేక్షణ ఉండాలి, ఆయన పేరు, పని చేసే మెయిల్ దరఖాస్తులో ఇవ్వగలగాలి. రెండోది, చూడటం వేరు, చేయడం వేరు. మన పల్లె ఆసుపత్రిలో "అమెరికా నుంచి వచ్చిందిగా, ఈ ఇంజెక్షన్ నువ్వే వెయ్యమ్మా" అని ఆప్యాయంగా సిరంజి చేతికిస్తారు. తీసుకోకూడదు. 1984 భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం చికిత్స హక్కు నమోదైన పశువైద్యులది. చదువు మొదలు పెట్టకముందే ఇంజెక్షన్లు వేశానని రాసుకుంటే దరఖాస్తు చదివే కమిటీకి అది ప్రతిభలా కనబడదు, నైతిక లోపంలా కనబడుతుంది.

ఈమె చేసినవి పశువుని పట్టుకోవడం, రికార్డు రాయడం, అడిగి తెలుసుకోవడం. ఎదకి వచ్చినా చూడి నిలవక తిరగపొర్లే గేదెలు, మాయ పడని కేసులు, పొదుగువాపు, గాలికుంటు టీకాలు. పొదుగువాపు పరీక్ష ఒకటి పూర్తిగా చూసింది: నాలుగు గుంటల తెడ్డులో ఒక్కో చనుకట్టు పాలు ఒక్కో గుంటలోకి పిండి, అంతే కొలతలో రీఏజెంటు (పరీక్ష ద్రావణం) పోసి, గుండ్రంగా తిప్పితే ఒక గుంటలో పాలు జిగురుగా గడ్డకట్టాయి. మిగతా మూడూ నీళ్లలా కదిలాయి. బయటికి పొదుగు మామూలుగానే ఉంది. ఆ రైతుకి డాక్టరుగారు పరీక్ష ఫలితం చెప్పిన తీరు, ఆ ఒక్క చనుకట్టు పాలు విడిగా పిండి పారబొయ్యమని ఒప్పించిన తీరు తర్వాత వ్యాసంలోకి వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు జాగ్రత్త. ఇండియాలో గాలికుంటు ఉంది, అమెరికాలో 1929 తర్వాత లేదు. పశువుల దగ్గరికి వెళ్లినట్టు కస్టమ్స్‌లో నిజం చెప్పాలి, బూట్లు కడిగి శుభ్రం చేసుకుని ఉండాలి. ఈమె తాను వెంట తిరిగే పెద్ద పశువుల డాక్టరుకి ముందే మెయిల్ పెట్టి, ఒక శనివారం మానేసి, అమెరికా ఫారాల్లో అడుగుపెట్టడానికి ముందు ఐదు రోజులకి పైగా విరామం ఇచ్చింది.

గంటలు ఏ రోజుకారోజు రాసుకోవాలి: తేదీ, ఎన్ని గంటలు, ఏ జాతి, డాక్టరు ఎవరు, చేసిన పని ఒక వాక్యం. ఏడాది తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిన గంటలన్నీ గుండ్రటి అంకెలే అవుతాయి, చదివేవాళ్లు పసిగడతారు.

దరఖాస్తులో జారే చోట్లు

దరఖాస్తు ఎప్పుడు పెట్టాలన్న దాని మీదే ఇంట్లో ఎక్కువ వాదన జరిగింది. వీఎంకాస్ గడువు సెప్టెంబరు మధ్యలో. సర్టిఫికెట్ మొదలైన నెలలోనే పెడితే ఒక ఏడాది కలిసివస్తుందని తల్లి అభిప్రాయం. కానీ అప్పటికి కనిపించే కొత్త గ్రేడు ఆర్గానిక్ ఒక్కటే, మిగతా 22 క్రెడిట్లూ "చదువుతున్నాను" అని ఉంటాయి. దేనికోసం డబ్బు కడుతున్నామో ఆ రుజువే కమిటీ ముందు ఉండదు. పూర్తిచేశాక వచ్చే సెప్టెంబరుకే పెట్టాలని తేలింది. మా దృష్టిలో ఈ కేసులో ఇదే అతి ముఖ్యమైన నిర్ణయం.

ట్రాన్‌స్క్రిప్టులు చదివిన ప్రతి సంస్థ నుంచీ వెళ్లాలి. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ ద్వారా తీసుకున్న ఒక ఇంగ్లిష్ కోర్సు ఆమె మర్చిపోయింది. డిగ్రీ ట్రాన్‌స్క్రిప్టులో "బదిలీ క్రెడిట్" అని ఉన్న ఒక్క వరుస చూసి పట్టుకున్నాం. అది రాకపోతే మొత్తం దరఖాస్తు పరిశీలన ఆగిపోయేది. వసంతం గ్రేడ్లు ఎక్కకముందే ట్రాన్‌స్క్రిప్ట్ పంపించేయడం ఇంకో మామూలు పొరపాటు. గ్రేడ్లు ఆన్‌లైన్‌లో కళ్లతో చూశాకే పంపాలి.

సిఫారసు లేఖలు కనీసం మూడు. క్లినిక్ డాక్టరు, పెద్ద పశువుల డాక్టరు, సర్టిఫికెట్‌లో ఫిజియాలజీ చెప్పిన ప్రొఫెసరు రాశారు. పెద్ద క్లాసులో ప్రొఫెసరుకి ముఖం తెలియాలంటే ఆఫీసు వేళల్లో మొదటి నెల నుంచే వెళ్లాలి, గ్రేడు గురించి కాదు, పాఠం గురించి ప్రశ్నతో. కుటుంబ స్నేహితుడైన కార్డియాలజిస్టు అంకుల్ లేఖ ఇస్తానన్నారు. వద్దని మర్యాదగా చెప్పించాం.

వ్యాసం మొదటి చిత్తులో మొదటి వాక్యం "చిన్నప్పటి నుంచీ నాకు జంతువులంటే ప్రాణం". కమిటీ చదివే వ్యాసాల్లో ఎన్నో ఇలాగే మొదలవుతాయి. దాన్ని కొట్టేసి తెడ్డులో గడ్డకట్టిన పాలతో మొదలుపెట్టింది. పాత గ్రేడ్ల సంజాయిషీని వ్యాసంలో పెట్టలేదు. అనుబంధ ఫారాల్లో అడిగినచోట నాలుగు వాక్యాలు: ఏం జరిగింది, ఏం మార్చాను, ఆ తర్వాత గ్రేడ్లు ఇవి.

డబ్బు

సర్టిఫికెట్, వేసవి ఆర్గానిక్, ఆన్‌లైన్ న్యూట్రిషన్ కలిపి ఫీజులు సుమారు 24,000 డాలర్లు. ఇంట్లో ఉండి చదివింది. విడివిడి కోర్సులకి ఫెడరల్ అప్పు దొరకడం కష్టం, అర్హత ఉన్న సర్టిఫికెట్‌కి గ్రాడ్యుయేట్ అప్పు ఏడాదికి 20,500 డాలర్ల దాకా వస్తుంది. అయితే 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే అదనపు ఫెడరల్ అప్పు లేదు. వెటర్నరీ వంటి ప్రొఫెషనల్ చదువులకి ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్లు పరిమితి, గ్రాడ్యుయేట్‌గా ముందు తీసుకున్నది ఆ మొత్తంలోంచి తగ్గుతుంది. అంటే సర్టిఫికెట్ కోసం ఇప్పుడు తీసుకునే ప్రతి డాలరూ రేపు డీవీఎం చివరి ఏడాదిలో తక్కువ పడే డాలరు. తండ్రి ఆ మొత్తాన్ని పొదుపులోంచి కట్టడానికి కారణం ఇదే.

కాలేజీల ఎంపికలోనూ డబ్బు మాట్లాడింది. ప్రభుత్వ వెట్ స్కూళ్లలో సొంత రాష్ట్రంవాళ్లకి సీట్లు ఎక్కువ, ఫీజు తక్కువ. న్యూజెర్సీకి 2025లో రోవన్ యూనివర్సిటీ మొదటి బ్యాచ్‌ని చేర్చుకునే దాకా సొంత వెట్ స్కూలే లేదు. ఏడింటిలో అది ఒకటి, మిగతావి బయటి రాష్ట్రాలవాళ్లని బాగా తీసుకునేవి. కొత్త స్కూలయితే ఏవీఎంఏ (అమెరికా పశువైద్యుల సంఘం) గుర్తింపు ఏ దశలో ఉందో చూసుకుని పెట్టాలి.

ఈ దారి ఎవరికి సరిపోదు

ఇండియాలో బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చేసినవాళ్లకి, తిరుపతిలో అయినా రాజేంద్రనగర్‌లో అయినా, ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. వాళ్లకి ఈసీఎఫ్‌వీజీ, పేవ్ అనే, విదేశీ పశువైద్య పట్టభద్రుల అర్హత తేల్చే దారులు ఉన్నాయి, మళ్లీ డీవీఎం చదవకుండానే లైసెన్సు పరీక్షల దాకా వెళ్లొచ్చు.

ఇండియాలో వేరే డిగ్రీ చేసి వచ్చినవాళ్ల పరిస్థితి మరొకటి. విదేశీ కోర్సుల్ని వీఎంకాస్ జీపీఏలో కలపదు, వాటికి డబ్ల్యూఈఎస్ అనే సంస్థ చేసే కోర్సువారీ మూల్యాంకనం అడుగుతారు. కాబట్టి సర్టిఫికెట్ గ్రేడ్లే వాళ్ల మొత్తం అమెరికా జీపీఏ. ఒక్క సి వచ్చినా దాచుకునే పాత క్రెడిట్లు లేవు. తల్లిదండ్రుల ఉద్యోగం మీద వచ్చే హెచ్-4 వీసా మీద పెరిగి 21 నిండాక ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారిన పిల్లలకి ఫెడరల్ అప్పు రాదు, చాలాచోట్ల అంతర్జాతీయ అభ్యర్థిగానే చూస్తారు. అలాంటివాళ్లు ముందు కాలేజీల జాబితా తీసి, అంతర్జాతీయ అభ్యర్థుల్ని తీసుకునేవెన్నో లెక్కపెట్టాకే సర్టిఫికెట్‌కి డబ్బు కట్టాలి.

ఫలితం

ఏడు దరఖాస్తుల్లో నాలుగింటికి ఇంటర్వ్యూ లేకుండానే తిరస్కరణలు. వాటిలో రెండు, గ్రాడ్యుయేట్ క్రెడిట్లని చివరి 45లో కలపని కాలేజీల నుంచి. మూడు ఇంటర్వ్యూలు. ఒకచోట చిన్నచిన్న గదుల పద్ధతి, ఒక్కో గదిలో కొద్ది నిమిషాలు. ఒక గదిలో పార్వో వైరస్ సోకిన కుక్కపిల్ల, ఆసుపత్రిలో ఉంచే డబ్బు లేని కుటుంబం. "చేర్పించండి, లేదా శాశ్వతంగా నిద్రపుచ్చండి" అన్న రెండింటి మధ్య ఏముందన్నదే అక్కడ ప్రశ్న. రోజూ తీసుకొచ్చి చర్మం కింద ద్రవాలు ఎక్కించి, వాంతి తగ్గే మందు ఇచ్చి ఇంటికి పంపే పద్ధతి షెల్టర్ రోజుల్లో చూసింది. అదే చెప్పింది, అందులో బతికే అవకాశం చేర్పించినంత ఉండదని కుటుంబానికి ముందే చెప్పాలన్నదీ చెప్పింది. ఇంకోచోట బయోకెమిస్ట్రీ బి ప్లస్ గురించి అడిగారు. 68 నుంచి 90కి ఎలా వచ్చిందో తెల్లకాగితం సంగతి చెప్పింది.

ఆ మూడు ఇంటర్వ్యూల నుంచి ఒక తిరస్కరణ, ఒక వెయిటింగ్ లిస్టు, ఒక సీటు. సీటు ఇచ్చింది పక్క రాష్ట్రంలోని కాలేజీ. ఏప్రిల్ 15 లోపు అంగీకారం పంపి, వెయిటింగ్ లిస్టులోంచి పేరు తీయించుకుంది. ఆగస్టులో చేరేలోపు కాలేజీ అడిగినవి రెండు: సర్టిఫికెట్ పూర్తయినట్టు ముద్ర ఉన్న తుది ట్రాన్‌స్క్రిప్ట్, రేబీస్ ముందస్తు టీకా. టీకా రెండు డోసులు, మొదటిదానికి ఏడు రోజుల తర్వాత రెండోది. ఇన్సూరెన్సు దీన్ని కట్టకపోవచ్చు కాబట్టి కౌంటీ ఆరోగ్య విభాగంలో ముందే ధర కనుక్కుని జూన్‌లోనే వేయించుకుంది.